విల్లా, బోనా?

1961వ సంవత్సరం, చైత్రమాసం, ఉదయం ఆరుగంటల పది నిమిషాలు. గాలి లేదు. కొండవాగు గెడ్డ ఒడ్డున మంచు మోకాలెత్తున లేచి, ఎటూ కదలక నిలిచి ఉంది. పైన ఆకాశంలో ఒక్క మబ్బు లేదు. వేళ ఇంత కచ్చితంగా చెప్పగలగడం నా గొప్ప కాదు. కింది లోయలో ఘాటు రోడ్డు ఎక్కే తొలి బస్సు సరిగ్గా అప్పుడే హారను కొట్టింది. ఆ రోజుల్లో బస్సులు వేళకు నడిచేవి.

నేను ఒక మీటవిల్లును. ఆ క్షణాన నారి బిగించుకుని, బాణాన్ని వీపుమీది గాడిలో పెట్టుకుని, లోచలి బొంజన్న మోకాళ్ల మీద పడి ఉన్నాను. అతడు నన్ను బిగించి అప్పటికి గంట దాటింది. మామూలు వింటిని అంతసేపు లాగి పట్టుకోగల మనిషి ఇంతవరకు పుట్టలేదు. నా మీద మనుషులు పెంచుకున్న అనుమానమంతా ఆ గంటలోనే ఉంది.

పుట్టుకతో నేను ఇలా లేను. బొంజన్న తండ్రి బోలులేని గట్టి వెదురును చీల్చి, పొయ్యి పైన రెండు వానాకాలాలు ఆరబెట్టి, నన్ను మామూలు విల్లుగా చేశాడు. అతని తరువాత కొడుకు చేతికి వచ్చాను. 1958లో చైత్రం దాటాక ఇప్పపూలు ఏరుతున్న బొంజన్న మీద ఎలుగుబంటి పడి, కుడి భుజాన్ని చీల్చి పోయింది. గాయం మానింది కాని ఆ చెయ్యి రొమ్ము దాటి వెనక్కి రాలేదు. నన్ను చూరుకింద వేలాడదీశారు.

చెయ్యి పోతే విల్లు పోతుంది, అక్కడితో సరి అనుకోవచ్చు. మా ఊరు ఇప్పగెడ్డలో అలా సరిపోదు. చైత్రంలో ఇటుకల పండుగ అనే వేట పండుగకు మగవాళ్లందరూ విల్లంబులతో కొండెక్కాలి. వేట తెచ్చినవాడే ఆ ఏడు ఊరి పొలంలో తొలి పిడికెడు విత్తనం చల్లుతాడు. ఖాళీ చేతులతో వచ్చినవాడి మీద ఆడవాళ్లు ఊరి మొగలో, ఊళ్లోకి అడుగుపెట్టే చోటనే, పేడనీళ్లు పోస్తారు, మొదటి కుండ భార్యదే. ఇదంతా నవ్వులాట. నవ్వులాట కానిది మరొకటుంది. వరుసగా మూడు చైత్రాలు కొండెక్కని ఇంటికి ఆ పైన వేటలో వాటా ఉండదు, దాని బాణపు గుర్తు కూడా చెరిపేస్తారు. లోచలి వాళ్ల గుర్తు బాణం తోక దగ్గర బెత్తెడు ఎడంతో కాల్చిన మూడు వలయాలు. రెండు చైత్రాలు అప్పటికే గడిచాయి. తాతల పేరు నిలబడటమో పోవటమో ఈ మూడోదానితో తేలాలి.

ఆ బాధలోనే అతడు నన్ను చూరునుంచి దింపి సంతకు తీసుకుపోయాడు. కమ్మరి అప్పలసూరి పందికొక్కుల బోన్లు చేసేవాడు. బోనులో ఎర కదిలితే తలుపు పడేసే చిన్న ఇనుప మీట ఉంటుంది. బొంజన్న దాన్ని వేలితో పదేపదే ఎత్తి పడేసి చూశాడు. ఆ చూపు నాకు మంచిదనిపించలేదు. వారం తిరిగేసరికి నా రెండు కొసలు జానెడేసి కోసి పొట్టిగా, మరింత బిరుసుగా చేశారు. నా నడుముకు వేగిస కర్ర అడ్డంగా తగిలించారు. కర్రలో మీట దిగింది. బొంజన్న గొంతుక్కూర్చుని నన్ను కాళ్లతో తొక్కి, మొలకు కట్టిన కొక్కేనికి నారి తగిలించి లేచి నిలబడితే చాలు, నారి వచ్చి మీటకు పడుతుంది. భుజంతో పని లేదు.

పండుగ ముందురోజు ఊరి చావడిలో నన్ను నేలమీద పెట్టి చుట్టూ కూర్చున్నారు. పాము చచ్చిందో లేదో తెలియనప్పుడు మనుషులు కూర్చునేటంత ఎడంగా కూర్చున్నారు.

మొదట నోరు విప్పినవాడు సాగేని గంగులు. ఊళ్లో వాడి గురి మీద వాడికున్నంత నమ్మకం ఇంకెవరికీ లేదు. బొంజన్న భార్య ముత్తెమ్మకు అన్న.

"ఏటి బావా, పందికొక్కుల బోనుకి కర్ర తగిలించి ఇల్లంటన్నావా?" అన్నాడు. వాళ్ల నోట విల్లు 'ఇల్లు' అవుతుంది. "ఇల్లంటే లాగాల, పట్టాల, ఒగ్గాల. లాగిన సెయ్యే ఒగ్గాల. దీన్నయితే లాగీసి, సుట్ట కాల్సుకుని, కునుకు తీసి, లేసి ఒగ్గొచ్చు."

"సుట్ట కాలిస్తే పందికి కంపు తగల్దేటి?" అన్నాడు బొంజన్న. "నువ్వు కాలుస్తావు గనకే మూడేళ్లబట్టి నీకు కుందేళ్లే గతి."

అందరూ నవ్వారు. గంగులు కూడా నవ్వాడు గాని కళ్లు నా మీదనుంచి తీయలేదు.

ఊరిపెద్ద బుడ్డన్న తాతకు చూపు మందగించింది. నన్ను వేళ్లతో తడిమాడు. "ఈ యెదురు ఈడి బాబుదే. నానెరుగుదును. ఆడి సేతిలో ఇల్లయినది ఈడి సేతిలో బోనెలాగయిపోద్ది?"

"మరి తుపాకీని పండగలో ఎందుకొద్దన్నాం తాతా?" అని అడిగాడు గంగులు.

"సప్పుడికి కొండదేవత ఉలిక్కిపడతాదని."

"ఇది సప్పుడు సెయ్యదు" అన్నాడు. "అదే నాకు బయిం."

ఆడవాళ్లు చావడిలో కూర్చోరు. కాని దడి వెనకనుంచి మాట్లాడకూడదని ఎవరూ అనలేదు. "ఎలుగు పీకింది ఈ మడిసి బుజాన్ని! మూడు గీతల్ని పీకనేదు. అన్నా, ఆ పని నువ్వు సేత్తావేటి?" అంది ముత్తెమ్మ గొంతు.

ఆ మాటతో చావడి కొంచెం మెత్తబడింది. పొద్దు వాలేవేళకు బుడ్డన్న తాత తీర్పు చెప్పాడు: "రేపు దీంతో జంతువు పడితే ఇది ఇల్లు. పడకపోతే పొయ్యిలో కట్టె. ఇంక మాటనేదు."

వాళ్లు నన్ను అంతగా అనుమానించారు. నా మీటను, నా కర్రను, నాకు ఇనుము పెట్టిన కమ్మరి కులాన్ని కూడా అనుమానించారు. బాణాల వైపు మాత్రం ఒక్కరూ చూడలేదు.

ఇంటికి వచ్చి పెరట్లో గురి చూసుకున్నప్పుడు బొంజన్నకు తెలిసింది, పాత బాణాలు నాకు పొడుగని. ముక్కు ఊగుతూ పక్కకు పడుతున్నాయి. ములికి వైపు కోయడానికి లేదు. అక్కడ లక్క, నరం కలిపి కట్టిన కట్టు ఉంటుంది, అది విప్పితే మళ్లీ అంత గట్టిగా పడదు. అందుచేత ఎనిమిది బాణాలకూ తోకవైపు బెత్తెడేసి కోసి, ఈకలు కిందికి జరిపి కట్టుకున్నాడు. పొడుగు ఒక్కటే అతని తలలో ఉంది. కోసిన ప్రతి ముక్కతోనూ ఒక్కొక్క వలయం పోయింది. మూడు రెండయ్యాయి. రెండు వలయాలు సాగేని వాళ్ల గుర్తు. ఎదురుగా పడి ఉన్న నాకు లెక్క తెలుసు. చెప్పడానికి నోరు లేదు.

తిరిగి ఆ ఉదయానికి వస్తాను. బస్సు హారను ఆగిన కాసేపటికి మంచులో గడ్డి కదిలింది. దంతాలున్న మగపంది నీళ్లకు దిగింది. మామూలు వింటివాడైతే ఈ సమయాన లేవాలి, లాగాలి. ఆ కదలికకు పంది తలెత్తేది. బొంజన్న లేవలేదు. ఒక్క వేలు కదిలించాడు. బాణం పంది దొక్కలో దిగింది.

అది అరిచి, పొదలు విరుచుకుంటూ గెడ్డ మలుపు వైపు పరుగెత్తింది. మలుపులో గంగులు ఉన్నాడు. వాడూ బాణం వదిలాడు. పంది మరి వందబారలు పోయి కూలింది.

అందరూ చేరేసరికి పందిలో ఒకే ములికి ఉంది. ములుకులన్నీ అప్పలసూరి కొలిమిలోవే, అన్నీ ఒకటే. కర్ర పొదల్లో విరిగిపోయింది. దాని తోకముక్క పందికి పది అడుగుల దూరంలో దొరికింది. ఒకడు దాన్ని ఎత్తి చూసి, "రెండు గీతలు! గంగులు మావది!" అని కేక పెట్టాడు.

గంగులు అబద్ధమాడలేదని ఇక్కడే చెప్పాలి. తన బాణం తగిలిందనే వాడు నమ్మాడు, తగలాలని అంత గట్టిగా కోరుకున్నాడు గనక. నిజానికి అది పంది వీపు మీదుగా పోయి గెడ్డ నురగలో పడింది.

"నాది ముందు తగిలింది" అన్నాడు బొంజన్న. "నా కళ్లారా సూసినాను."

"నీదయితే మూడు గీతలుండాల గదా బావా."

బుడ్డన్న తాత అనుమానం తీర్చుకోవడానికి బొంజన్న అంబులపొది తెప్పించి, ఒక్కొక్క బాణమే బొటనవేలితో తడిమాడు. ఏడు బాణాలు. ఏడింటికీ రెండేసి గీతలు.

 వేరొకరి గుర్తు తన బాణం మీద కాల్చుకున్నవాణ్ని ఆ ఊరు గుర్తుదొంగ అంటుంది. వాడు ఇక ఎప్పటికీ కొండెక్కకూడదు, వాడి కొడుకులూ ఎక్కకూడదు. వాటా పోవడం దీని ముందు చిన్నమాట. బొంజన్న ఆ ఏడు బాణాలను తానెన్నడూ చూడనివాటిలా చూశాడు. తను చేసినదేమిటో ఆ కంగారులో అతనికే తట్టలేదు.

"ఈ పాడు ఇల్లు పట్టుకున్న కాడ్నించీ నాను సెప్తనే ఉన్నాను" అన్నాడు గంగులు, ఈసారి నవ్వకుండా. "దొంగ ఇంటికి దొంగ అంబు."

పందిని కావడికి వేలాడదీసి డప్పులతో ఊరికి దిగారు. బొంజన్న వెనకాల ఒంటరిగా వచ్చాడు. నన్ను మరొకడు మోశాడు, పొయ్యిలో పెట్టడానికి. ఊరి మొగలో ముత్తెమ్మ పేడనీళ్ల కుండతో నిలబడి ఉంది. సంగతి ఆమెకు ముందే చేరింది. అందరూ ఆమె చేతులవైపు చూశారు.

"ఆ ముక్క ఇలాగియ్యండి" అంది. తోకముక్కను తిప్పి చూసింది. మొగుడివైపు తిరిగింది. "నిన్న సందేళ నా పెరట్లో కూకుని ఎనిమిది తోకలు తెగ్గోసినోడివి, ఆ ముక్కలేటయ్యాయో గేపకం నేదా?"

బొంజన్న నుదురు కొట్టుకున్నాడు. 

ముత్తెమ్మ కుండను కింద పెట్టి ఇంటికి పోయింది. ఆ ఎనిమిది ముక్కలనూ ముందురోజే ఆమె ఏరి, మిరప మొక్కలకు ఊతగా గుచ్చుకుంది. ఆమె పెరట్లో పారేసిన పుల్ల అంటూ ఉండదు. మట్టి కొట్టుకుపోయిన ముక్కలను ఒళ్లో పోసుకొచ్చి బుడ్డన్న తాత ముందు కూర్చుని, ఒక్కొక్కటే తోకకు ఆనించింది. కత్తివాటు ఒక్కొక్కదానికి ఒక్కొక్క ఏటవాలు. మొదటిది కుదరలేదు. రెండు, మూడు, నాలుగు, అయిదు కుదరలేదు. ఆరోది ఆనగానే నిలిచింది. బుడ్డన్న తాత బొటనవేలితో అతుకుమీద అటూ ఇటూ రాశాడు. వేలు ఎక్కడా తట్టుకోలేదు. తరువాత గీతలు తడిమాడు. ఒకటి. రెండు. మూడు.

"కలిసింది" అన్నాడు.

గంగులు ముందుకు వంగి తానూ లెక్కపెట్టాడు. మళ్లీ లెక్కపెట్టాడు. "మరి నా అంబేటయిపోయిందే?"

"గెడ్డనడుగు, సేపని కొట్టుంటావు" అంది ముత్తెమ్మ. లేచి వదినెను, గంగులు పెళ్లాన్ని, వెతికింది. "ఓ వొదినా! ఇలాగొచ్చీ. కుండ నిండా ఉంది, ఒలికిపోతంది."

గంగులు పారిపోలేదు. తల వంచి నిలబడ్డాడు. పేడనీళ్లు కారుతూ ఉండగానే, "బావా, దొంగన్నాను. తప్పయిపోయింది" అన్నాడు. బొంజన్న తువ్వాలు తీసి ఇచ్చాడు. తొలి విత్తనం ఆ ఏడు లోచలి వాళ్ల చేతినుంచి పడింది, ఎడమచేతినుంచి. మూడు వలయాలు చెరగలేదు.

మాంసం పంచుతుండగా బుడ్డన్న తాత నన్ను ఒళ్లోకి తీసుకుని, ఎవరితోనని లేకుండా అన్నాడు: "ఇల్లు లాగినోడి సెయ్యి వణుకుద్ది. ఆ వణుకున్నంతసేపు జంతువుకి దారుండీది. దీనికి వణుకేదీ?"

 కాలేయం ఎవరికి వెళ్లాలన్నదాని మీద మంచి తగాదా నడుస్తోంది.

ఆ సాయంత్రం గంగులు స్నానం చేసి బావ ఇంటికి వచ్చాడు. గారెలు తిన్నాడు. ముత్తెమ్మ లోపలికి పోగానే, "ఏదీ, ఓపాలి ఇలాగియ్యి" అని నన్ను అందుకున్నాడు. జానతో నా పొడవు కొలిచాడు. బెత్తెతో మీట ఎడం కొలిచాడు. పెదవులు కదుపుతూ ఆ లెక్క మనసులో పెట్టుకున్నాడు. నన్ను ఇన్ని చేతులు అనుమానంగా పట్టుకున్నాయి. నేను అనుమానించినది ఆ ఒక్క చేతినే. ఆ చేతివాడికి రెండు భుజాలూ బాగానే ఉన్నాయి.

బొంజన్న తరువాత నేను ఇద్దరు ముగ్గురి చేతులు మారి, పట్నంలో ఒక ప్రదర్శనశాల అద్దాల బీరువాలోకి చేరాను. నా ముందున్న చీటీ మీద 'పందికొక్కుల బోను, భాగము' అని రాసి ఉంది. ఇప్పగెడ్డ చావడిలో ఒక పూటంతా తెగని ప్రశ్నను ఆ గుమాస్తా అరనిమిషంలో తేల్చాడు. మీటను చూసి ఉంటాడు. నేను ఆక్షేపించలేదు.

నేను ఇంకా పట్నం చేరకముందు, 1966వ సంవత్సరం చైత్రంలో ఇప్పగెడ్డ మగవాళ్లు పద్నాలుగు మంది, పద్నాలుగు మీటవిళ్లతో కొండెక్కారు. మూడు రోజులు తిరిగినా పంది జాడ గాని, కణుజు జాడ గాని, కుందేలు జాడ గాని దొరకలేదు. ఊరి మొగలో ఎప్పటిలాగే రెండు కుండల పేడనీళ్లు కలిపి ఉంచారు. అవి చాలలేదు. ముత్తెమ్మ వెళ్లి మూడో కుండ కలుపుకొచ్చింది.