పదింటి నుంచి మూడున్నర దాకా

దయారాణి వదిన నిద్ర చెడగొడితే ఆస్పత్రిలో ఎవరో ఒకరి ప్రాణం పోతుందనీ, ఆ పాపం నా పిల్లలకి చుట్టుకుంటుందనీ గట్టిగా నమ్మేను. తర్వాత జరిగిందంతా దాని వల్లే.

2004 మే నెలలో, పిల్లల వేసవి సెలవులకి నలభై రోజులు ఉందామని దుబాయ్ వెళ్ళేం. మా ఆయన ఫ్రాంక్లిన్ అక్కడ ఏసీ మెకానిక్కు. ఇన్వెస్ట్‌మెంట్స్ పార్కు అనే చోట కంపెనీ క్యాంపు, గదికి ఎనిమిది మంది. అక్కడ ఆడవాళ్ళకీ పిల్లలకీ చోటు లేదు. దయారాణి గారిది మా చర్చే, ఈయన అక్కా అంటారు కాబట్టి నాకు వదిన వరస. ఆవిడ నర్సు. ఖిసైస్ అనే పేటలో ఇద్దరు నర్సులు కలిసి ఫ్లాటు తీసుకున్నారు. రెండో ఆవిడ సెలవు మీద కేరళ వెళ్తే, ఆ గది మాకిచ్చేరు వదిన. ఈయనా పనయ్యేక అక్కడికే వచ్చేవారు.

వెళ్ళిన రోజే చెప్పేరు.

"యూనిసూ, నాకు వండి పెట్టక్కర్లేదు, గిన్నెలు తోమక్కర్లేదు. ఈ నెలంతా రాత్రి డ్యూటీ నాకు. పదింటి నుంచి మూడున్నర దాకా ఇల్లు చప్పుడు లేకుండా ఉంటే చాలమ్మా. నిద్ర లేకపోతే వార్డులో చెయ్యి వణుకుతుంది."

ఆ చెయ్యి వణకడం అన్న మాట నా బుర్రలో ఉండిపోయింది. వణికే చేత్తో సూది, ఆ సూదిలో ఎక్కువైపోయిన మందు, మంచం మీద ఎవరో కన్నతల్లి. ఇవే కనపడేవి.

మా సిలాస్‌కి తొమ్మిదేళ్ళు, ఫేబాకి ఐదు. పదడుగుల గదిలో వాళ్ళని నోరెత్తకుండా ఎన్ని గంటలు కూచోబెట్టగలను? మూడో రోజు పన్నెండింటికి ఇద్దరూ బొమ్మల పుస్తకం కోసం పీక్కున్నారు. స్టీలు గ్లాసు గచ్చు మీద పడి దొర్లుకుంటూ వంటింటి దాకా పోయింది. వదిన తలుపు తెరుచుకుంది. ఆవిడ వచ్చి నీళ్ళు తాగేరు, మళ్ళీ వెళ్ళి తలుపేసుకున్నారు. ఒక్క మాట అన్లేదు. తిట్టినా బాగుండేది.

రాత్రి ఈయనతో చెప్పేను. "పంపించేస్తారేమోనండి."

"ఇక్కణ్ణించి పంపిస్తే ఖలాస్. ఇంకో ఇల్లు లేదు, టికెట్లు ముందుకి జరిపించి ఊరెళ్ళిపోవడమే" అన్నారు. "మళ్ళీ నేను పిల్లల్ని చూసేది రెండేళ్ళకి."

ఫేబా పుట్టినప్పుడు ఆయన దుబాయ్‌లోనే ఉన్నారు. అది నాన్నని గుర్తుపట్టి మెడ పట్టుకుని వేలాడ్డం నేర్చుకుని వారం కూడా కాలేదు.

మర్నాటి నుంచి రోజూ తొమ్మిదిన్నరకల్లా పిల్లల్ని తీసుకుని బయటపడటం మొదలెట్టేను. ఎక్కడికెళ్ళాలో ఈయనే రాసిచ్చేరు. ఏ బిల్డింగు లోపల ఎంత చల్లగా ఉంటుందో ఈయనకి తెలిసినట్టు ఇంకెవరికీ తెలీదు. లైబ్రరీ: చల్లదనం బాగుంది, మాట్లాడకూడదు. మ్యూజియం: గదులు నేల కింద, చాలా బాగుంది. సూపర్ మార్కెట్టు: చేపల దగ్గర మరీ చలి, పిల్లకి స్వెట్టరు. బ్యాంకు: చల్లనే గాని సెక్యూరిటీ వాడు లేపేస్తాడు.

అలా తిరిగేం. పాస్‌పోర్టు జిరాక్సులు కవర్లో చుట్టి జాకెట్లో పెట్టుకునేదాన్ని. పిల్లల చేతుల మీద పెన్నుతో నాన్న ఫోను నంబరు రాసేదాన్ని. నడిచే మెట్లు ఎక్కనివ్వలేదు, వాటిలో గౌను ఇరుక్కుంటే? లిఫ్టు ఆగిపోతే? మ్యూజియంలో పాత పడవల బొమ్మలు చూసి ఫేబా సంతోషపడింది గానీ, నేల కింద ఉన్నంతసేపూ నా కళ్ళు పైకప్పు మీదే ఉన్నాయి. సూపర్ మార్కెట్టులో సిలాస్ ఒక్కొక్క చేపనీ మూడేసి సార్లు చూసేడు.

"ఇవేం సెలవులే అమ్మా? ఊళ్ళో ఉంటే ఈపాటికి కాలవలో ఈదేవాణ్ణి" అన్నాడు.

"అందుకే తీసుకొచ్చేను నిన్ను" అన్నాను.

మూడున్నర దాటేక ఇంటికొస్తే మళ్ళీ గడప దాటేదాన్ని కాదు. సాయంత్రం పార్కుకి వెళ్దామని ఈయన రెండుసార్లు అడిగేరు. తెలీని దేశంలో చీకటి పడ్డాక పిల్లల్ని తిప్పడం ఏంటని నేనే ఒప్పుకోలేదు. ఆయనా అలిసిపోయి వచ్చేవారు.

పన్నెండో రోజు బస్సెక్కి ఒక పెద్ద మాలుకి వెళ్ళేం. అక్కడ ఐసు మీద జారే ఆట ఉంది. రెయిలింగు బయట నిలబడి చూడ్డానికి ఎవరూ ఏమీ అనరు. అయితే గంట గడిచేసరికి ఫేబా తల నొప్పంటూ ఏడుపు మొదలెట్టింది. లోపల చలికి అలా ఉందేమోననుకుని బయటికి తీసుకొచ్చి బస్సు స్టాపులో కూచున్నాను. అదీ నేను చేసిన తప్పు. బస్సు అరగంట దాకా రాలేదు. స్టాపుకి నీడ లేదు. పిల్ల మొహం కందిపోయింది. బస్సు దిగేక రోడ్డు పక్కనే వాంతి చేసుకుంది.

దాన్నెత్తుకుని రెండంతస్తులూ ఎక్కేను. తాళంచెవి చేతిలో ఉంది. పన్నెండున్నరయింది. అది గట్టిగా ఏడుస్తోంది. ఆ ఏడుపుతో లోపలికి వెళ్తే ఏమవుతుందో తల్చుకుని, తలుపు ముందున్న మెట్ల మీద కూలబడ్డాను.

"నాన్నకి ఫోన్ చెయ్యి, పో" అని సిలాస్‌ని కింద కిరాణా కొట్టుకి పంపించేను. వాడు వెంటనే తిరిగొచ్చేడు. "ఎత్తట్లేదమ్మా. ఏ మేడ మీద ఉన్నారో."

కొంగుతో విసిరేను. సీసాలో మిగిలిన నీళ్ళు పట్టేను, కక్కేసింది. ఆ మెట్ల మీద ఏసీ ఉండదు, గోడ ముట్టుకుంటే కాలుతోంది.

"అత్త నర్సే కదమ్మా, లేపుదాం" అన్నాడు సిలాస్.

"నోర్ముయ్. నిద్రమత్తులో రాత్రి ఎవరికో మందు ఎక్కువిచ్చేస్తే?"

"మరి చెల్లికో?"

అంతలో ఫేబా ఏడుపు ఆపేసింది. హమ్మయ్య అనుకుని చూద్దును కదా, కళ్ళు సగం మూతలు పడ్డాయి, ఒళ్ళు పెనంలా ఉంది, చెమట చుక్క లేదు. పిలిస్తే పలకట్లేదు. చేతిలో తాళంచెవి ఉందన్న సంగతే మర్చిపోయి రెండు చేతులా తలుపు బాదేను. "వదినా! వదినా!"

వదిన నైటీలో, జుట్టు విరబోసుకుని వచ్చి తలుపు తీసేరు. పిల్లని చూడగానే నా చేతుల్లోంచి లాక్కుని బాత్రూములోకి పరిగెత్తేరు. నేను టాపు తిప్పబోతే కసిరేరు.

"అది కాదు, మేడ మీద ట్యాంకు నీళ్ళు మరుగుతుంటాయి! గీజరు వైపు తిప్పు. దాని స్విచ్చి వెయ్యను నేను, అందులోవే చల్లగా ఉంటాయి."

దాన్ని తడిపేరు, చంకల్లో తడిగుడ్డలు పెట్టేరు, ఫ్యాను కింద పడుకోబెట్టేరు. కాస్త తెలివొచ్చేక ఉప్పూ పంచదారా కలిపిన నీళ్ళు చెంచాతో పోసేరు. గంటకి ఫేబా లేచి, "బిస్కట్టుందా?" అంది. అప్పుడు వదిన నా వైపు తిరిగేరు.

"మెట్ల మీద ఎంతసేపు కూచున్నావు?"

"ముప్పావు గంట వదినా."

"పదకొండేళ్ళ నుంచి నర్సుని నేను. తలుపవతల పిల్ల అలా ఉంటే, ఇవతల నేను పడుకున్నానా? దానికేమన్నా అయ్యుంటే జన్మలో నిద్ర పట్టేదా నాకు?"

"మమ్మల్ని పంపించెయ్యకండి వదినా" అన్నాను. చెప్పాలనుకున్నది అది కాదు, నోట్లోంచి అదే వచ్చింది.

"ఎవరన్నారు పంపిస్తానని?"

"ఆ రోజు గ్లాసు పడితే మీరేమీ అన్లేదు కదా..."

"ఏ గ్లాసు?" అన్నారు. "చప్పుడైతే లేస్తాను. లేచి తిడతాను. తిట్టించుకో. మెట్ల మీద మాత్రం కూచోకు" అన్నారు.

ఆసుపత్రికి ఫోన్ చేసి, ఈ రాత్రి తనకి మందుల పని వద్దనీ, నిద్ర లేదనీ, రిజిస్టర్లు రాస్తాననీ ఇన్‌ఛార్జికి నా ఎదుటే చెప్పేరు. ఫోను పెట్టేసి, "విన్నావుగా. ఆ మాత్రం మాకూ తెలుసు" అన్నారు.

తర్వాత నాకు బుద్ధి చెప్పేరు. "ఎండాకాలం ఇక్కడ పగలు ఎవరు తిరుగుతారే? నాతోపాటు పడుకోండి. ఆరయ్యేక బయటికెళ్ళండి. ఆ టైముకి పార్కులో ఉయ్యాల ఖాళీ దొరకదు, అంతమంది పిల్లలొస్తారు."

"చీకటి పడిపోతుంది కదా వదినా?"

"లైట్లుంటాయి యూనిసూ."

మర్నాడు పదింటికి ఆవిడ గదిలోనే కింద దుప్పటి పరిచేను. కిటికీకి నల్ల తెర, ఏసీ ముందు ముగ్గురం. ఫేబా నడుస్తోంది, తింటోంది. అయినా అర్ధరాత్రి నుంచి నాలుగుసార్లు నుదురు చూసేను. ఈయన సాయంత్రం పార్కుకి తీసుకెళ్తానన్నారు. ఒప్పుకున్నాను గానీ పాములేమన్నా ఉంటాయేమో కనుక్కోమన్నాను.

కాసేపటికి మంచం మీంచి గురక మొదలైంది. అలాంటిలాంటి గురక కాదు. సిలాస్ దిండులో మొహం దూర్చేసేడు, వీపు ఎగిరెగిరి పడుతోంది. వాణ్ణి చూసి ఫేబా కిసుక్కున నవ్వింది. నేను ఊపిరి బిగబట్టేను. వదిన అటు తిరిగి ఇంకా గట్టిగా గురక పెట్టేరు.

నేనూ కళ్ళు మూసుకున్నాను. ఒక చెయ్యి మాత్రం ఫేబా పొట్ట మీదే ఉంచేను, ఊపిరాడుతోందో లేదో తెలియడానికి.