అన్నిటికీ ఒప్పుకున్న ఫోన్లు

ఆ శుక్రవారం ఇంట్లో ఉన్నవాళ్లు: అమ్మ సునంద, నాన్న సురేందర్, నేను, అల్ వక్రాలో ఒకరి ఇంట్లో డ్రైవర్‌గా పనిచేసే కడప ఫయాజ్ మామ, బర్వా అల్ బరాహా లేబర్ క్యాంపు నుంచి అన్నానికి వచ్చిన పదిమంది మా జిల్లా కూలీలు. ఆ పదిమందిలోనే జలంధర్ చిన్నాయన, సాయిబాబు మామ. చివరగా, ఎవరూ పిలవకుండా వచ్చిన వాళ్ల కంపెనీ సూపర్‌వైజర్ కృష్ణప్రసాద్.

గల్ఫ్‌లో మాది ఫరీజ్ బిన్ మహమూద్ అనే పేటలో ఒక పాత ఫ్లాటు. ప్లైవుడ్ గోడలు కొట్టి మూడు కుటుంబాలకు ఇచ్చారు. మా వంతుకు ఒక హాలు, ఒక చిన్న గది. నాన్న అదే కంపెనీలో స్టోర్ కీపర్. నేను పది పాసై విజిట్ వీసా మీద వచ్చాను.

కృష్ణప్రసాద్ కూర్చోలేదు. అందరూ తింటుండగానే జేబులోంచి ఫోన్ తీసి ఒక గొంతు వినిపించాడు. అది జలంధర్ చిన్నాయన గొంతు.

"నర్సవ్వా, మంచిగున్నవానే. మధ్యాహ్నం ఎండల పని బంద్ అని ఈడ రూలున్నది. మావోడు రేకులు అడ్డం పెట్టి చేపిస్తుండు. నిన్న ఒకడు పడిపోయిండు. భయమైతుందే. నీ చెయ్యి పట్టుకొని పండుకోవాలనిపిస్తుంది."

చివరి మాటను రెండోసారి వినిపించి నవ్వాడు. కంపెనీ పరువు తీసినందుకు రేపే ఫ్లైటు ఎక్కిస్తున్నామని, వెంటనే కిందికి వచ్చి కారెక్కి క్యాంపులో సామాను సర్దుకోవాలని చెప్పాడు. పది నిమిషాలు గడువిచ్చి దిగిపోయాడు.

చిన్నాయన తల ఎత్తలేదు. ఆయనకు రాయడం రాదు. పెండ్లానికి చెప్పుకునేదంతా నోటితో చెప్పి పంపుతాడు. ఆమెకు తప్ప ఎవరికీ పంపని మాట వీడి జేబులోకి ఎట్లా వచ్చిందని అందరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

ఎట్లా వచ్చిందో నాకు తెలుసు.

మూడు వారాల కింద కంపెనీ ఒక లింకు పంపింది. హాజరు కోసం కొత్త యాప్, అది లేకపోతే సైటు గేటు తెరుచుకోదు. ఫోన్‌లోని యాప్ స్టోర్‌లో దొరకదు, లింకు నుంచే దించుకోవాలి. ప్రతి శుక్రవారం లాగే అందరూ ఫోన్లు తెచ్చి నా ముందు పెట్టారు. మందు చీటీ అయినా బ్యాంకు మెసేజ్ అయినా వాళ్లకు చదివిపెట్టేది నేనే. మొదటి ఫోన్‌లోనే ఎర్ర అక్షరాలు వచ్చాయి. ఇది ఎవరూ పరీక్షించని యాప్, నీ ఫోన్‌కు ప్రమాదం అని. పైకి చదివి చెప్పాల్సింది. ఎదురుగా పదిమంది పెద్దవాళ్లు. బిడియపడి పైకి చదవలేదు. 'అయినా పెట్టు' అన్న చోట నొక్కాను. తరువాత అది ఏ అనుమతి అడిగితే దానికి ఒప్పుకున్నాను. పది ఫోన్లు, నా ఒక్క వేలు.

తెలియని ఇంగ్లీషు మాట కనబడితే రాసిపెట్టుకోమని మా ఊరి బడిలో సారు చెప్పేవారు. అందుకే ఆ యాప్ అడిగినవన్నీ డైరీలో రాసుకున్నాను. అర్థాలు తరువాత వెతికాను. తెలిశాక కూడా నోరు మూసుకున్నాను. చదువుకునే పిల్లలారా, నా తప్పు మీరు చేయకండి. మనం చదివింది మనలోనే దాచుకుంటే అది దొరలకు పనికొస్తుంది.

డైరీ తెచ్చి వాళ్ల మధ్య నిలబడ్డాను. "చిన్నాయనా, మీ ఫోన్లల్ల నేనే ఒత్తిన. అది మీ ఫైళ్లన్ని చూస్తా అన్నది. మీ వాయిస్ మెసేజులు గూడ. నేను సరే అన్న."

ఎవరూ నన్ను తిట్టలేదు. తిడితే బాగుండు అనిపించింది.

యాప్ స్టోర్‌లో ఉన్నదైతే ఆ స్టోర్ వాళ్లు పరీక్షించేవాళ్లు, ఈ గతి పట్టకపోవును అన్నాడు సాయిబాబు మామ. ఫయాజ్ మామ నవ్వాడు. "స్టోరోడు మాత్రం నీ మనిషా అప్పా? వాని గేటుకు వాడు కాపలా, కంపెనీ గేటుకు కంపెనీ కాపలా. ఫోను కొనింది నువ్వు. తాళంచెవి నీ దగ్గర ల్యాకపాయె."

తీసేస్తే హాజరు పడదని ఒకరు, పోలీసులు వస్తారని ఒకరు. నాన్న నా వైపు చూస్తూ, పిల్ల ఇక్కడ ఉంది, కొంచెం నెమ్మది అన్నాడు. చిన్నాయన లేచాడు. "నన్ను పోనియ్యుండ్రి. నా ఒక్కనితోని పోతది."

అప్పుడు అమ్మ చేతిలో గరిటె పక్కన పెట్టింది. "నీతోని పోదు జలంధర్. ఇయ్యాల నర్సవ్వ మాట విని నవ్విండు. రేపు వీళ్లందరి పెండ్లాల మాటలు విని నవ్వుతడు. ఏమయ్యా, మీకు సమ్మతమేనా?"

ఎవరూ సమ్మతమనలేదు. ఫోన్లు బయటికి తీశారు.

ఈసారి తెర మీద వచ్చిన ప్రతి మాటా పైకి చదివి, అర్థం చెప్పాను. ఎవరి ఫోన్‌లో వాళ్లే, తమ వేలితోనే యాప్ తీసేశారు. సాయిబాబు మామ క్యాంపు గ్రూపుకు మాట పంపాడు. యాప్ తీసెయ్యండి, రేపు పాత రిజిస్టర్‌లో సంతకం పెట్టించుకుంటేనే డ్యూటీ, జలంధర్ లేకుండా ఎవ్వరం బస్సెక్కం అని. ఇది కూడా వాడు వింటాడేమో అన్నారు పక్కనున్నవాళ్లు.

"వినాలనే చెప్తున్న" అన్నాడు సాయిబాబు మామ.

పది నిమిషాలు కాకముందే కృష్ణప్రసాద్ మెట్లెక్కి వచ్చాడు. ఎవరు యాప్ తీసేసినా అతని ఫోన్ టింగుమంటుందట. ముందు మా పది పేర్లు పడ్డాయి. ఇప్పుడు క్యాంపు పేర్లు పడుతున్నాయి. చేతిలో ఆగకుండా మోగుతూనే ఉంది.

చిన్నాయన నేల మీద కూర్చున్నాడు. మిగతా తొమ్మిదిమంది ఆయన చుట్టూ భుజాలు ఆనించి కూర్చున్నారు.

"లే జలంధర్. యల్లా, పద."

"తీస్కపోతే పదిమందిని తీస్కపో సార్. నీ కార్ల జాగున్నదా?" అన్నాడు సాయిబాబు మామ.

కృష్ణప్రసాద్ కళ్లు నా డైరీ మీద పడ్డాయి. "ఇది నేర్పింది నువ్వన్నమాట. ఆ పుస్తకం ఇలా ఇవ్వు. సురేందర్, మీ అమ్మాయిది విజిట్ వీసా కదూ?"

నాన్న ముఖం పాలిపోయింది. నేను పుస్తకం ఇవ్వలేదు. తెరిచి అతని ముందే చదివాను.

"కాంటాక్ట్స్. అంటే మా వాళ్ల నంబర్లు. మైక్రోఫోన్. అంటే మా గొంతు. ఫైల్స్..."

నాన్న నా రెక్క పట్టి గదిలోకి నెట్టాడు. ఆయన కళ్లలో నీళ్లున్నాయి. "అంటే మా మాటలు" అని నేను పూర్తి చేసేలోపు ప్లైవుడ్ తలుపు మూసి, బయట గడియ పెట్టాడు.

అవతల టింగుమంటూనే ఉంది. చిన్నాయన గొంతు వినబడింది. "చదువు బిడ్డా. వినబడుతుంది."

తలుపుకు నోరు ఆనించి డైరీలో నాలుగో మాట చదివాను.