చెంచాడు నూనెతో ఫ్రెంచ్ ఫ్రైస్

ఆస్పత్రిలో రోగులకు ఏం తినాలో చెప్పే ఉద్యోగం మనవరాలిది. ఇంట్లో మాత్రం ఆమెకు నూనె పోలీసు అని పేరు. ఎవరు మూకుడు పొయ్యి మీద పెట్టినా ఎక్కడి నుంచో ఊడిపడేది. కొవ్వు, ఉప్పు అంటూ వాళ్ల బుర్ర తినేసేది. అలాంటి మనిషి ఈవేళ తనంతట తానే ఫ్రెంచ్ ఫ్రైస్‌కి పూనుకుందంటే ఎంత కష్టం వచ్చిపడిందో మీరే ఊహించుకోండి.

కష్టమల్లా అమ్మమ్మతోనే. జ్వరం తగ్గింది కానీ ముద్ద దిగడం లేదు. జావ వద్దు, పండు వద్దు. మనిషి చిక్కి సగమైపోయింది. "ఏదడిగితే అది పెట్టండి, ముందు తిననివ్వండి" అన్నాడు డాక్టరు. అడగ్గా అడగ్గా అమ్మమ్మ ఫ్రెంచ్ ఫ్రైస్ అంది.

చేయడం తెలియక కాదు. చిన్నప్పుడు అమ్మమ్మ చేస్తుంటే కొంగు పట్టుకుని చూసిందే. కానీ పుట్టిన బుద్ధి ఎక్కడికి పోతుంది? పీచు పోతుందని తొక్క తీయలేదు. ఉప్పు చిటికెడు. చెంచాడు నూనె రాసి ఓవెన్‌లో పెట్టేసింది.

అమ్మమ్మ ఒకటి నోట్లో వేసుకుని చాలాసేపు నమిలింది.

"ఎవరి మీద కోపమే ఇంత?"

"నూనె తగ్గించానమ్మమ్మా."

"తగ్గించావు సరే, దుంపనేం చేశావు? పద వంటింట్లోకి."

అంటూ మంచం దిగేసింది. అన్నాళ్లూ పడకేసిన మనిషి గోడ పట్టుకుని నడుస్తుంటే మనవరాలు హడలిపోయింది. పరుగున వెళ్లి స్టూలు వేసి కూర్చోబెట్టింది.

ఇక చూడాలి అజమాయిషీ. "తొక్క తియ్యి. వేలి లావున తరుగు. నీళ్లు తేటగా వచ్చేదాకా కడుగు. తడి తుడువు." నూనె దగ్గరికొచ్చేసరికి పోలీసుగారు చెంచాతో కొలవబోయింది.

"పొయ్యవే, అదేం మందు సీసా కాదు."

మనవరాలు సన్న సెగన ఓసారి మెత్తబడేలా వేయించి, తీసి చల్లారనిచ్చి, పెద్ద సెగన మళ్లీ వేసింది. ముక్కలు బంగారు రంగుకి తిరిగాయి. ఇల్లంతా ఘుమఘుమలాడిపోయింది.

ఉప్పు చల్లిందో లేదో అమ్మమ్మ ఒకటి అందుకుని కరకరా నమిలింది. ఇంకోటి తీసుకుంది. ఆ తర్వాత ఇక ఆగలేదు. నూనె పోలీసు గరిటె పట్టుకుని చూస్తూ నిలబడింది. చూస్తుండగానే కంచం ఖాళీ అయింది.

అమ్మమ్మ వేళ్లు నాక్కుని, కంచం ముందుకు తోసింది.

"ఆకలేస్తోందే. ఇంకేముంది ఇంట్లో?"

మనవరాలు ఏడుస్తూ నవ్వుతూ అలమరలన్నీ తెరిచింది.