తెల్ల తొడుగులవాళ్ళ పాట

"దాన్ని గోడ మీంచి దించమని ఇందాకట్నుంచీ చెప్తున్నానా లేదా అత్తా?"

"దించాను కదే! ఇదుగో, తుడుస్తున్నాను. అన్నయ్య శవపేటిక పక్కన మెరుస్తూ నిలబడొద్దూ!"

"అక్కడే పెట్టొద్దంటున్నాను!"

అల్మీడా వంటింట్లోంచి వింటోంది. ఆడపడుచు రోవీనా, కూతురు వెర్లీన్ ఆ కొయ్యబద్ద మీద పొద్దుట్నుంచీ తగువులాడుతూనే ఉన్నారు. దాని మీద, చనిపోయిన అల్మీడా భర్త లూషస్ కాలేజీలో చేరిన విద్యార్థుల సోదరసంఘం అక్షరాలు చెక్కి ఉన్నాయి. ఆయన చేరిన ఏడాది సంఘం పెద్దలు ఇచ్చిన బద్ద అది. శుక్రవారం సాయంత్రం ఆ సంఘం సోదరులంతా తెల్ల చేతితొడుగులు వేసుకుని పేటిక చుట్టూ నిలబడి పాడతారు. బద్ద పక్కనే ఉంటుంది. అది వాళ్ళ ఆనవాయితీ.

"వాళ్ళ పాటతోనే నన్ను సాగనంపు" అని ఆస్పత్రిలో లూషస్ ఆమె చెయ్యి పట్టుకుని అడిగాడు. సరేనంది. ఈ నల్లవాళ్ళ పేటలో వీధిదీపాలు వెలిగాయంటే, ముసలివాళ్ళు ఓటు వేయగలిగారంటే, ఎందరి పిల్లలో కాలేజీ గడప తొక్కారంటే అదంతా ఆయన, ఆ సోదరుల చలవే. కాదనడానికి ఆమెకు నోరెలా వస్తుంది?

కోడివేపుడు పళ్ళెం తీసుకుని వెనక వసారాలోకి వెళ్ళింది. మనవడు, వెర్లీన్ కొడుకు డోరియన్ మెట్ల మీద కూర్చున్నాడు. నిరుడు అదే సంఘంలో చేరబోయి, కొత్తవాళ్ళకి పెట్టే పరీక్ష పేరుతో అలాంటి బద్దతోనే దెబ్బలు తిని, మూత్రంలో నెత్తురు పడుతూ ఇంటికొచ్చాడు. మెట్ల మీంచి పడ్డాడని డాక్టరుకు చెప్పింది తాతే. రాత్రంతా మంచం పక్కన కూర్చుని తడిగుడ్డ మార్చిందీ తాతే.

"రెండు ముక్కలు తినరా."

"శుక్రవారం నేను రాను అమ్మమ్మా. శనివారం చర్చిలో ప్రార్థనకొస్తాను."

"తాత మీద ఇంకా కోపమా?"

"కాదు. నన్ను కొట్టినవాళ్ళలో ఇద్దరు తొడుగులేసుకుని పాడ్డానికొస్తున్నారు."

"వాళ్ళెవరో తాతకి తెలుసా?"

"పేర్లతో సహా చెప్పాను. 'వయసు పొగరు, బాగుపడతార్లే' అన్నాడు."

ఆమె మనవడి తల నిమరబోయి, ఆగి, పళ్ళెం వాడి పక్కన పెట్టి లోపలికి వచ్చింది. ముందుగదిలో చుట్టాలంతా తలెత్తి చూశారు.

"శుక్రవారం పాట లేదు," అంది మెల్లగా. "శనివారం చర్చిలో ప్రార్థన చేసి సాగనంపుదాం. సంఘంవాళ్ళకి నేనే ఫోన్ చేస్తాను."

"వదినా! మా అన్నయ్యకి మాటిచ్చావు!"

"ఇచ్చాను రోవీనా. తప్పుతున్నాను."