ధర రాయని బోర్డు

పిల్లలూ, ఈ గ్రైండరు తిరిగేలోగా ఒక కథ చెబుతా. ఒక వస్తువుకు ధర ఎవరు పెడతారు? అమ్మేవాడా, కొనేవాడా? తొందరొద్దు, ఆలోచించి చెప్పండి. హరినాథ్ పాఠం ఎప్పుడూ ఈ ప్రశ్నతోనే మొదలయ్యేది.

తిరుపతిలో ఒక కాలేజీలో రాజకీయ అర్థశాస్త్రం చెప్పేవాడాయన. పంతొమ్మిదేళ్లూ కాంట్రాక్టు కొలువే. ఏటా జూన్‌లో కొత్త కాగితం మీద సంతకం. మధ్యాహ్నం పెరుగన్నం తిని పదకొండో నంబరు గదికి పోయేవాడు. తోతాపురి మామిడికాయ కోతకొచ్చే రోజుల్లో దున్నకం, మందు, కూలి, ట్రాక్టరు బాడుగ అన్నీ బోర్డు మీద కూడి, చివర కిలో ఎనిమిది రూపాయలని రాసేవాడు. ఆ బోర్డు మీద ఆయన ఏ ధర రాస్తే, మర్నాడు బంగారుపాళ్యం గుజ్జు ఫ్యాక్టరీల దగ్గర అదే ధర. అందుకే వెనక బెంచీల్లో రైతులు తలగుడ్డ విప్పి కూచునేవాళ్లు. అటెండరు వాళ్లకు మంచినీళ్లిచ్చేవాడు.

ఆ ఏడు ప్రొఫెసరు పోస్టు పడింది. హరినాథ్‌కు యాభై రెండేళ్లు. ఇది తప్పితే ఇంకొకటి రాదు. ఇంటర్వ్యూ ఆ గదిలోనే. కమిటీలో ఫ్యాక్టరీ యజమాని మురుగేష్ కూడా ఉన్నాడు, కాలేజీకి హాస్టలు కట్టించిన పెద్దమనిషి.

"కాయ దండిగా ఉండాది సార్. కొనేవాళ్లం నలుగురం. మీ శాస్త్రం లెక్కన కిలో రెండేగా? రాసెయ్యండప్పా, ప్రొఫెసరైపోండి" అన్నాడు మురుగేష్ నవ్వుతూ.

హరినాథ్ సుద్దముక్క పట్టుకున్నాడు. రెండు రాస్తే ఊళ్లో అమ్మ పెంచలమ్మ తోటతో సహా అందరి కష్టం గంగపాలు. ఎనిమిది రాస్తే పోస్టు పోతుంది. ఏదీ వదులుకోలేక, "ఒక్కరోజు గడువియ్యండి సార్, రేపు రాస్తాను" అన్నాడు. తెలివైన పని చేశాననుకున్నాడు.

సాయంత్రానికి పోస్టు ఇంకొకరికి పోయింది. మర్నాడు వెళ్తే పదకొండో గదికి తాళం. కాంట్రాక్టు కాగితమూ ఇవ్వలేదు. ఇంటికొచ్చి గోడ మీద ఎనిమిదని రాసి చూశాడు. అది ఉత్త గోడే.

బంగారుపాళ్యంలో ఆ రోజు ధర ఎక్కువా కాదు, తక్కువా కాదు, అసలు లేనే లేదు.

"ధర లేందే కాటా ఎట్ట ఎక్కిస్తామబ్బా?" అని ఫ్యాక్టరీలవాళ్లు గేట్లు మూసుకున్నారు. లోపల పోయినేటి గుజ్జే నిండా ఉంది, వాళ్లకేం తొందర? హైవే పొడుగునా ట్రాక్టర్లు నిలిచిపోయాయి. మూడో రోజుకు రసం తారు మీదికి కారింది.

హరినాథ్ వరసలో అమ్మ ట్రాక్టరు వెతుక్కుంటూ వచ్చాడు. పెంచలమ్మ కొంగుతో ఈగలు తోలుతూ కొడుకును చూసింది.

"తిన్నావా నాయనా?"

ఆయన తలూపాడు.

"రెండని రాసుంటే, రెండన్నా వచ్చుండేది కదా" అంది, కోపం లేకుండా.

హరినాథ్ చొక్కా చేతులు పైకి మడిచి ట్రాక్టరెక్కాడు. పార తీసుకుని, కుళ్లిన కాయను రోడ్డు పక్కకు తోయడం మొదలుపెట్టాడు. మళ్లీ కాలేజీ మెట్లు ఎక్కలేదు.

సరే పిల్లలూ, కథ అయిపోయింది, జరగండి. గ్రైండర్లో పప్పు సగమే నలిగింది.