ఎనిమిది మీటర్ల దూరంలో మనిషి

మోటారు వాహనాల ఇన్‌స్పెక్టరు అని కాగితాల మీద రాసి ఉంటుంది గానీ, దివిసీమలో ఆ మాట ఎవరి నోటా వినబడదు. అందరికీ ఆ ఉద్యోగి బ్రేక్ ఇన్‌స్పెక్టరే. బండిని ఫిట్‌నెస్‌కి తీసుకెళ్ళడాన్ని కూడా ‘బ్రేక్ చేయించడం’ అనే అంటారు. అందుకే శోభనాద్రి తన మినీ ట్రక్కుకి కొత్త బ్రేక్ లైనింగులు వేయించి, బ్రేకాయిలు మార్పించి, కాలవ గట్టు మీద నాలుగుసార్లు ఉన్నపళంగా ఆపి చూసుకుని నిశ్చింతగా బందరు బయల్దేరాడు.

పక్క సీట్లో కూతురు లాస్య కూర్చుంది. పదో తరగతి పరీక్షలు రాసి ఖాళీగా ఉంది. ఫారాలు చదివి నింపడానికి పనికొస్తుందని తండ్రి వెంట తెచ్చుకున్నాడు. కొత్తవాళ్ళ ముందు లాస్యకి నోరు పెగలదు. కళ్ళు మాత్రం ఒక్కచోట నిలవవు. మోపిదేవి దగ్గర గుడికొచ్చిన జనం రోడ్డు దాటుతుంటే బండి ఆగింది. ఇదివరకు ఇదే సీట్లో కూర్చుంటే వాళ్ళ మొహాలు ఎదురుగా కనబడేవి. ఇప్పుడు నడినెత్తులు కనబడుతున్నాయి.

బండి ఎత్తు పెరిగి ఏడాది కావస్తోంది. వాళ్ళ ఊరు కోడూరు దాటాక సముద్రం వైపు ఉంది. పడవలు ఒడ్డుకొచ్చే చోట చేపల ట్రేలు ఎక్కించుకుని గుడివాడ చేర్చడం శోభనాద్రి పని. ఒడ్డుకి వెళ్ళే మట్టిదారి మీదకి పోటు వేళ ఉప్పునీళ్ళు వచ్చేస్తాయి. రెండుసార్లు బండి ఆ నీళ్ళలోనే మొరాయించింది. ఐసు కరిగి, చేప మెత్తబడి, అంతా పారబోయాల్సి వచ్చింది. ఆ తిప్పలు పడలేక గుడివాడలో ఒక షెడ్డుకి తీసుకెళ్ళి బండిని ఎత్తు చేయించాడు. బండి బరువు మోసే కమాను పట్టీల కింద నాలుగు ఇనుప దిమ్మలు, చక్రాలకు పెద్ద టైర్లు. జానెడు లేచింది. పనిలో పనిగా పాట పాడే హారను కూడా పెట్టించాడు.

ఆ తర్వాత అతనికి రోడ్డు మీద గౌరవం పెరిగినట్టు అనిపించింది. పొద్దుగూకాక ఎదురొచ్చే సైకిలువాళ్ళు, మోపెడ్‌వాళ్ళు చెయ్యెత్తుతున్నారు. అతనూ నవ్వుతూ చెయ్యూపేవాడు.

అన్నీ బాగానే ఉన్నాయి, అంకమ్మ సంగతి తప్ప.

అంకమ్మది వాళ్ళ వీధే. టీవీఎస్ మీద చేపల బుట్ట కట్టుకుని ఊరూరా తిరిగి అమ్ముతుంది. శోభనాద్రిని తమ్ముడూ అని నోరారా పిలిచేది. కార్తీకంలో ఒకరోజు మసక వేళ కాలవ గట్టు మీద అతని బండికి ఎదురొస్తూ, టీవీఎస్‌తో సహా కాలవలో పడింది. ముంజేయి విరిగింది. కళ్ళల్లో లైటు కొట్టి తోసేశాడంటుంది అంకమ్మ. లైటు డిమ్‌లోనే ఉంది, అమ్మతోడు అంటాడు శోభనాద్రి. ఆనాటి నుంచి ఇద్దరికీ మాటల్లేవు. చెయ్యి అతుక్కుంది గానీ, సాయంత్రం బేరాలకి ఆ గట్టు ఎక్కడం అంకమ్మ మానేసింది.

లాస్యకి ఇది మింగుడు పడలేదు. నాన్న అబద్ధం ఆడడు. అంకమ్మత్త కూడా ఆడదు. ఇద్దరిదీ నిజమే అయితే మరి ఆ లైటు సంగతేంటి?

బందరు శివార్లలో మైదానం. ఆటోలు, ట్రాక్టర్లు, మినీ ట్రక్కులు వరసగా నిలబడ్డాయి. బ్రేక్ ఇన్‌స్పెక్టరు ఉమాదేవి టోపీ సర్దుకుంటూ వచ్చి, బండి చుట్టూ ఒకసారి తిరిగి, చక్రం దగ్గర గొంతుక్కూర్చుంది.

“ఈ మేడ ఎవరిదండీ?”

“నాదేనండి మేడమ్. బ్రేకులు చూడండి, నిన్ననే చేయించా. కాలు ఆనిస్తే చాలు, ఆగిపోద్ది.”

“బ్రేకులు తర్వాత. కమాన్ల కింద ఈ దిమ్మలేంటి?”

“పోటు నీళ్ళండి. మా దారి...”

ఆమె లేచి కిటికీలోంచి చెయ్యి పెట్టి హారను నొక్కింది. పెళ్ళి ఊరేగింపులా ఒక పాట మోగింది. వరసలో డ్రైవర్లందరూ తలలు తిప్పారు.

“దీనికి డాన్సు కట్టే ఓపిక నాకు లేదు. తీయించెయ్యండి.”

శోభనాద్రి మొహం కందిపోయింది. “అది కాదు మేడమ్. బ్రేక్ ఇన్‌స్పెక్టరు అయ్యుండి బ్రేకులు చూడకుండా అన్నీ చూస్తారేంటండీ?”

వెనకున్న ట్రాక్టరు డ్రైవరు పగలబడి నవ్వాడు. ఉమాదేవికీ నవ్వాగలేదు.

“ఆ పేరు మీరు పెట్టుకున్నదండీ, నేను పెట్టుకున్నది కాదు. కంపెనీ నుంచి బండి ఎలా వచ్చిందో ఆర్‌సీలో అలా ఉంటుంది. మనకి తోచినట్టు ఎత్తు పెంచితే కుదరదు. మలుపులో తూలుతుంది. లైటు పైకి లేస్తుంది.”

“నేను డిమ్‌లోనే పెడతానండి.”

“డిమ్ అని మీ మీటకి తెలుసు. ఎదురొచ్చేవాడికి తెలియొద్దూ?” ఆమె కొలత టేపు చివర పట్టుకుని గాలిలో చూపించింది. “లైటు నుంచి ఎనిమిది మీటర్ల దూరం. బండి కుడి అంచుకి అర మీటరు పక్కన. నేల నుంచి మీటరున్నర ఎత్తు. అక్కడ ఒక మనిషి కళ్ళున్నాయనుకోండి. డిమ్ లైటు ఆ కళ్ళల్లో కొట్టకూడదు. అదీ రూలు.”

లాస్య జేబులోంచి పెన్ను తీసి అరచేతిలో రాసుకుంది. ఎనిమిది. అర. ఒకటిన్నర. చట్టం అంటే పోలీసులు, జరిమానాలు అనుకుంది ఇన్నాళ్ళూ. దాని మధ్యలో ఇలా ఒక మనిషి నిలబడి ఉంటాడని ఎవరూ చెప్పలేదు. పేరు లేదు, ఊరు లేదు. కళ్ళ ఎత్తు మాత్రం ఉంది. ఎందుకు నిలబడ్డాడు? ఎటు పోతున్నాడు?

ఉమాదేవి కాగితం మీద రాసిచ్చింది. దిమ్మలు, టైర్లు, హారను మార్చి పదిహేను రోజుల్లో మళ్ళీ తీసుకురావాలి. ఆమె పక్క బండి వైపు తిరుగుతుంటే లాస్య గొంతులోంచి మాట ఎలాగో బయటపడింది.

“మేడమ్... కుడి పక్కనే ఎందుకండి?”

ఉమాదేవి ఆగింది. “మన బండి రోడ్డుకి ఎడమ పక్కన పోతుంది కదమ్మా. ఎదురొచ్చేవాళ్ళు మనకి ఎటుంటారు?”

లాస్య కళ్ళ ముందు కాలవ గట్టు, దాని మీద ఒక టీవీఎస్ కదిలాయి.

తిరుగుదారిలో శోభనాద్రి అవనిగడ్డలో మెకానిక్ కాలేషా దగ్గర ఆగాడు. కాలేషా సంగతంతా విని చేతులు తుడుచుకున్నాడు.

“దీనికింత దిగులెందుకు బావా? ఎల్లుండి పొద్దున దిమ్మలు తీసేద్దాం. నీ పాత టైర్లు ఉన్నాయిగా, అవి వేద్దాం. బ్రేక్ అయ్యాక సాయంత్రానికి మళ్ళీ ఎక్కించేద్దాం. ఎవడు చూడొచ్చాడు?”

శోభనాద్రి మొహం విచ్చుకుంది. “అంతేనంటావా?”

లాస్య అరచేతిలో అంకెల వైపు చూసుకుంది. దిమ్మలు మళ్ళీ ఎక్కితే లైటూ మళ్ళీ ఎక్కుతుంది. నిజంగా ఎక్కుతుందా? నాన్నని ఆపాలంటే ముందు అది తేలాలి.

ఆ సాయంత్రం ఇంటి ముందు టేపు పరిచి ఎనిమిది మీటర్లు కొలిచింది. అర మీటరు పక్కకి జరిగి ముగ్గుపిండితో గీత గీసింది. గుమ్మానికి ఆనుకుని తన కళ్ళ ఎత్తు కొలుచుకుంది. మీటరున్నరకి రెండు వేళ్ళు తక్కువ. ఎత్తు చెప్పులు వేసుకుంటే సరిగ్గా సరిపోయింది. చట్టంలో మనిషి దొరికాడు.

“నాన్నా, డిమ్ లైటు వెయ్యి.”

వేశాడు. వెలుగు ఆమె మెడ దగ్గర ఆగింది. కళ్ళకి ఏ ఇబ్బందీ లేదు.

“చూశావా? చెప్తే నమ్మరు,” అంటూ శోభనాద్రి లోపలికి వెళ్ళిపోయాడు.

నాన్న గెలిచినందుకు లాస్యకి సంతోషంగానే ఉంది. కానీ చిక్కుముడి ఇంకా గట్టిపడింది. ఎదురింటి గుమ్మంలో కూర్చుని ఇదంతా చూస్తున్న అంకమ్మ కేకేసింది.

“ఏంటే పిల్లా, బండితో తొక్కుడుబిళ్ళ ఆడతన్నావా?”

లాస్య దగ్గరికెళ్ళి గొణుగుతూ చెప్పింది. అంకమ్మ మూతి తిప్పింది.

“ఖాళీ బండికేమే, గేదెలాగా తల దించుకునే ఉంటది. ఆ రోజు దాని నిండా ట్రేలు ఉన్నాయి. మీ నాన్నకి చెప్పు.”

ఖాళీ బండి! లాస్య రాత్రి అన్నం తింటూ ఉప్పు డబ్బా మీద స్పూను అడ్డంగా పెట్టి నొక్కి చూసింది. ఒక చివర దిగితే రెండో చివర లేచింది.

మర్నాడు పొద్దుగూకాక శోభనాద్రి ఒడ్డు నుంచి ట్రేలు నింపుకుని వచ్చి ఇంటి దగ్గర నిన్నటి చోటే మంచినీళ్ళ కోసం ఆగాడు. బండి వెనక భాగం బరువుకి కుంగి ఉంది. లాస్య చెప్పులు వేసుకుని వెళ్ళి ముగ్గు గీత మీద నిలబడింది.

“తప్పుకోవే. ఐసు కరుగుద్ది.”

లాస్య కదల్లేదు. “ఒక్కసారి డిమ్ వెయ్యి నాన్నా.”

లైటు వెలిగింది. ఇల్లు, వీధి, బండి, నాన్న అన్నీ ఒక్కసారిగా మాయమైపోయాయి. తెల్లటి వెలుగు తప్ప ఏమీ లేదు. తనకు తెలియకుండానే చెయ్యి కళ్ళకడ్డంగా లేచింది.

“టాటానా?” అంటూ బండిలోంచి శోభనాద్రి కూడా చెయ్యూపాడు.

“నేను చెయ్యూపట్లేదు నాన్నా,” అంది లాస్య. “దిగు. నువ్వొచ్చి నిలబడు.”

ఎప్పుడూ అలా మాట్లాడని పిల్ల మాట్లాడేసరికి అతను దిగొచ్చాడు. తన ఎత్తు ఎక్కువని మోకాళ్ళు వంచమంటే వంచాడు. లాస్య బండెక్కి మీట వేసింది. గీత మీద శోభనాద్రి చెయ్యి గబుక్కున లేచింది.

“డిమ్‌లోనే ఉందా?” అన్నాడు.

“డిమ్‌లోనే నాన్నా.”

అతను చెయ్యి దించలేదు. “ఏడాది నుంచి అందరూ నాకు దణ్ణం పెడుతున్నారనుకున్నానే,” అన్నాడు. ఎదురింటి గుమ్మం వైపు చూశాడు. అక్కడ ఎవరూ లేరు. ఆ రోజు గుడివాడ దాకా ఎదురు మనిషి కనబడినప్పుడల్లా బండి పక్కకి తీసి లైటు ఆర్పి నిలబడ్డాడట. చేరేసరికి ఐసు సగం కరిగింది.

మర్నాడు పొద్దున కాలేషా దిమ్మలు విప్పాడు. పాత టైర్లు ఎక్కించి, లైటు వెనక మర తిప్పి వెలుగు కిందికి దించాడు.

“దిమ్మలు దాచిపెట్టనా బావా?”

“దాచొద్దు. పట్టుకెళ్తాను.”

“మరి పోటు నీళ్ళో?”

“పడవలోళ్ళకి పోటూ పాటూ నోటికొచ్చు. వాళ్ళనడిగి వెళ్తా. ఆగలేని రోజున గట్టు మీదే ఆపి ట్రేలు మోసుకొస్తా.”

బందరులో ఉమాదేవి ఈసారి హారను నొక్కితే ‘పీ’ అని ఊరుకుంది. “పాట లేదేంటండీ?” అని నవ్వి సంతకం పెట్టింది. బండి బ్రేక్ అయింది.

మరుసటి సాయంత్రం ట్రేలు నింపిన బండిని గీతకి ఎనిమిది మీటర్ల దూరంలో ఆపి, శోభనాద్రి నాలుగు దిమ్మలూ మోసుకెళ్ళి అంకమ్మ గుమ్మంలో పెట్టాడు.

“అక్కా, నీ ఐసుపెట్టె కింద వేసుకో. ఒకసారి వచ్చి ఆ గీత మీద నిలబడవా?”

అంకమ్మ అతన్ని ఎగాదిగా చూసింది. “ఎందుకు? ఈసారి రెండో చెయ్యా?”

అన్నది గానీ లేచి వచ్చింది. శోభనాద్రి బండెక్కి మీట వేశాడు. లైటు వెలిగింది. ఆమె చెయ్యి సగం దాకా లేచి ఆగి, మెల్లగా కిందికి దిగింది.

“ఏం కనబడతంది అక్కా?”

“నువ్వే కనబడతన్నావురా తమ్ముడూ. దీనికంటే ఆ లైటే నయం.”

లాస్య ఫక్కున నవ్వింది. అంకమ్మ కాలి వేలితో ముగ్గు గీత మీద తట్టింది.

“ఇంతకీ ఈ గీత ఎవరిదే?”

“చట్టంలో ఒక మనిషి ఉన్నాడత్తా. ఎప్పుడూ ఇక్కడే నిలబడి ఉంటాడు.”

“ఆడా, మగా?”

“రాయలేదత్తా.”

“అయితే ఆడమనిషే,” అంది అంకమ్మ టీవీఎస్ వైపు నడుస్తూ. “మగాడైతే పేరు రాయించుకోకుండా ఊరుకుంటాడా?”

బుట్ట కట్టుకుని, స్టాండు తీసి, ఆమె కాలవ గట్టు వైపు బండి తిప్పింది. ఎదురుగా వెలుగుతున్న లైటు పక్క నుంచి, చెయ్యి ఎత్తకుండానే వెళ్ళిపోయింది.