వద్దన్నా వడ్డించే హస్తం

నేను ఒక అన్నం హస్తాన్ని. పేరు విని ఏ మహానుభావుడి చెయ్యో అనుకునేరు, కాదు. అన్నం వడ్డించే వెడల్పాటి ఇత్తడి హస్తాన్ని. కొందరు నన్ను కూడా గరిటె అంటారు. అలా అంటే నాకు ఒళ్లు మండుతుంది. గరిటె పులుసులో మునుగుతుంది, చారులో ఈదుతుంది, అడ్డమైన కూరలోనూ దూరుతుంది. నేను అన్నం తప్ప మరొకటి ముట్టను. ప్రస్తుతం పెడనలో భ్రమరాంబ గారి వంటింట్లో, పొయ్యి పక్క అలమరలో నా కాపురం. ఇప్పుడు మీకు చెప్పబోయేది రాజుల కథా కాదు, రాజ్యాల కథా కాదు. ఈ ఇంట్లో ఒక మనిషి అన్నం ముట్టడం మానేసింది. ఆ మనిషి చేత నాలుగు ముద్దలు తినిపించడానికి అందరూ నానా తంటాలూ పడ్డారు. అందరికంటే ఎక్కువ తంటాలు పడ్డది నేనే.

పుట్టింది అజ్జరంలో. అక్కడ వీధి వీధంతా ఇత్తడి మోతే. నన్ను చేసినాయన పేరు సోమాచారి. ఆయన సుత్తి దెబ్బలకి నా ఒళ్లు హూనమైంది గానీ, పని అయ్యాక నన్ను వెలుతురుకి పెట్టి చూసుకుని మురిసిపోయాడు. నేనూ మురిసిపోయాను, అబద్ధం ఎందుకు! అక్కణ్ణించి బందరులో ఒక సామాన్ల కొట్టుకి చేరాను. నన్ను కొన్నావిడ వెంకాయమ్మ, భ్రమరాంబ గారి తల్లి. ఆవిడ నా మెరుపు చూడలేదు. నా వెడల్పు చూసింది. "ఒక్కసారి తీస్తే ఎంత అన్నం వస్తదయ్యా?" అని కొట్టువాణ్ణి నిలదీసింది. అప్పుడే నాకు అర్థమైంది, పడవలసిన చేతిలోనే పడ్డానని.

వెంకాయమ్మ చేతిలో నేను నా విద్య నేర్చుకున్నాను. తినేవాడు మొదటిసారి "వద్దు" అంటే అది మర్యాద. రెండోసారి అంటే మొహమాటం. కంచానికి చెయ్యి అడ్డం పెట్టి "అమ్మో, చచ్చిపోతాను" అంటే, అప్పుడు మాత్రం కాస్త ఆలోచించాలి. ఆలోచిస్తూనే వడ్డించాలి. ఆ చేతి మీద వేడన్నం వడ్డించిన రోజులు కూడా ఉన్నాయి నాకు. తిట్టుకుంటూ తిన్నవాడు మళ్లీ ఆ ఇంటికే వచ్చేవాడు. కూతురు కాపురానికి వెళ్లేటప్పుడు వెంకాయమ్మ నన్ను సారెలో పెట్టి పంపింది. తల్లి చెయ్యి దాటి కూతురి చేతిలోకి వచ్చాను గానీ, నా పనిలో మార్పేమీ లేదు.

భ్రమరాంబ గారి భర్త వీరాస్వామి గారికి అద్దకం షెడ్డు ఉండేది. చెక్క అచ్చులతో గుడ్డల మీద పువ్వులూ లతలూ అద్దే పని. మనిషి భోళా. పొద్దున షెడ్డులో ఎవరు కనబడితే వాళ్లని మధ్యాహ్నం భోజనానికి పిలుచుకొచ్చేసేవాడు. ఇంట్లో చెప్పాలన్న ఆలోచన కూడా ఉండేది కాదు. అలా ఒకనాడు ఒక అమెరికా ఆయన్ని వెంటబెట్టుకుని వచ్చాడు. పేరు ఎమెట్. నెబ్రాస్కా అనే చోట రైతుల ఇంట్లో పుట్టి, కాలేజీలో రంగుల పని చెప్పే మాస్టారట. మన అద్దకం నేర్చుకోవడానికి ఏడాది ఉంటానని వచ్చి, మేడ మీద గదిలో దిగాడు. తెలుగు నేర్చుకునే వచ్చాడు. కాకపోతే పాఠం అప్పజెప్పినట్టు మాట్లాడేవాడు.

మొదటిరోజు భోజనం సంగతి చెప్పి తీరాలి. ముద్దపప్పు, గుత్తివంకాయ, గోంగూర, పులుసు. ఎమెట్ బాసింపట్టు వేసుకోవడానికి నానా అవస్థ పడి, చివరికి ఎలాగో కూర్చుని, మెతుకు మిగలకుండా తిన్నాడు. కంచం కడిగినట్టుంది. ఖాళీ కంచం కనబడితే నేను ఆగుతానా? వెళ్లాను. "వద్దు, కృతజ్ఞతలు" అన్నాడు. కృతజ్ఞతలట! సన్మాన సభలో మైకు ముందు అనే మాట పప్పన్నం దగ్గర అంటే భ్రమరాంబ గారు ఏమనుకోవాలి? పాపం పరాయి ఇల్లని సిగ్గుపడుతున్నాడనుకుని, మామూలుకంటే కొంచెం ఎక్కువే వడ్డించింది. ఆయన కంచం వంక ఒకసారి చూసి, గుండె దిటవు చేసుకుని, అదీ పూర్తిగా తిన్నాడు. మళ్లీ కంచం ఖాళీ. మళ్లీ నేను.

ఆ ఇంట్లో ఇలాంటి తిండి ఎవరూ చూడలేదు. వీరాస్వామి గారు పొంగిపోయి, "పంటలు పండించే ఇంటి పిల్లాడే! అందుకే తిండిపుష్టి. ఇంకొంచెం వెయ్యవే" అంటున్నాడు. ఆవిడ లోపలికి పరిగెత్తి రెండోసారి ఎసరు పెట్టింది. ఎమెట్ మొహం కందగడ్డలా అయింది, చెమటలు కారుతున్నాయి. గోంగూర కారం తగిలిందేమోనని నెయ్యి పోసి, దానికి సరిపడా మరి కాస్త అన్నం పెట్టింది. సాయంత్రానికి మనిషి పొట్ట పట్టుకుని మంచమెక్కాడు. "చెప్పానా, ఎదురింటావిడ గుమ్మంలో నిలబడి చూసినప్పుడే అనుకున్నా" అని భ్రమరాంబ గారు ఉప్పూ మిరపకాయలూ తీసి దిగదుడిచి పొయ్యిలో పడేసింది. ఘాటు రాలేదు. ఘాటు రాలేదంటే దిష్టి తగిలినట్టే కదా! అలా తప్పంతా ఎదురింటావిడ మీదకి పోయింది.

రెండు రోజులకి ఎమెట్ లేచి కూర్చుని అసలు సంగతి చెప్పాడు. వాళ్ల ఊళ్లో కంచంలో పడింది వదిలేస్తే వండినవాళ్లని అవమానించినట్టట. చిన్నప్పుడు వాళ్లమ్మ, కంచం ఖాళీ అయ్యేదాకా బల్ల దగ్గర్నుంచి లేవనిచ్చేది కాదట. ఇక్కడేమో కంచం ఖాళీ అయితే ఇంకా కావాలన్నమాట. ఆయన మర్యాద కొద్దీ తింటున్నాడు, ఈవిడ మర్యాద కొద్దీ పెడుతోంది. మధ్యలో ఆయన పొట్ట నలిగింది. వీరాస్వామి గారు కళ్లనీళ్లు వచ్చేలా నవ్వాడు. భ్రమరాంబ గారు మాత్రం నవ్వలేదు.

"మరి మీ ఇళ్లల్లో వద్దంటే ఏం చేస్తారు బాబూ?"

"ఊరుకుంటాం. మళ్లీ అడిగితే, ఆ మనిషి మాట నమ్మనట్టు అవుతుంది."

"ఒక్కసారడిగి ఊరుకుంటారా!" ఆవిడకి నిజంగానే జాలేసింది. "అయ్యో పాపం, ఎంతమంది అర్ధాకలితో లేస్తున్నారో ఆ దేశంలో!"

ఆ తర్వాత ఒక రాజీ కుదిరింది. ఎమెట్ కంచంలో నాలుగు మెతుకులు వదలడం నేర్చుకున్నాడు. వదిలేటప్పుడు వాళ్లమ్మ వెనక నిలబడి చూస్తున్నట్టు ఇబ్బంది పడేవాడు. ఆవిడ రెండోసారికి ఆగడం నేర్చుకుంది. ఆగేటప్పుడు చెయ్యి కొట్టేసినట్టు విలవిల్లాడేది. నాకైతే ఈ రాజీ బొత్తిగా నచ్చలేదు.

అంతా సుఖంగా సాగుతుండగా వీరాస్వామి గారు పోయాడు. షెడ్డులో నిలబడి పనివాళ్లతో మాట్లాడుతున్నవాడు గుండె పట్టుకుని కూలబడ్డాడు. ఆస్పత్రికి చేర్చేలోపే ప్రాణం పోయింది. చుట్టాలు వచ్చారు, ఏడ్చారు, పెద్దకర్మ చేసి ఎవరి ఊళ్లకి వాళ్లు వెళ్లారు. ఆయన అక్క సీతారత్నం గారొక్కరే మరదలికి తోడుగా ఆగింది.

భ్రమరాంబ గారు అన్నం ముట్టడం మానేసింది. మజ్జిగ తాగేది, టీ తాగేది. కంచం ముందు పెడితే మెతుకులు కెలికి చెయ్యి కడిగేసుకునేది. జనం ఉన్నన్నాళ్లూ ఆ గొడవలో ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. వాళ్లు వెళ్లాక ఆవిడ మెడ ఎముకలు బయటపడటం నాకే కనిపించింది. సీతారత్నం గారు మంచి మనిషి, నోరు పెద్దది. "తినకపోతే నా మీదొట్టే" అనేది, "నువ్వు కూడా పోతావంటే? ఆ ముచ్చట కూడా చూడమంటావా నన్ను?" అని ఏడ్చేది. పక్కింటివాళ్లు, షెడ్డులో పనివాళ్ల భార్యలు, అందరూ వచ్చి "నాలుగు మెతుకులు తిను తల్లీ" అని బతిమాలేవాళ్లు. కంచంలో పెట్టింది పెట్టినట్టే ఎండిపోయేది. ఒకరోజు బావి దగ్గర ఆవిడ కళ్లు తిరిగి పడిపోయింది. డాక్టరు వచ్చి సెలైను సీసా ఎక్కించి, ఇలాగే ఉంటే మనిషి దక్కదని తేల్చి చెప్పాడు. జన్మంతా బలవంతమే వృత్తిగా బతికినదాన్ని నేను, నా విద్య అంతా ఆవిడ దగ్గర ఎందుకూ కొరగాకుండా పోయింది. ఎంత ఏడుపు వచ్చిందో నాకు!

ఇంత జరుగుతుంటే ఆ ఎమెట్ మాత్రం ఒక్కసారి కూడా తినమని అడగలేదు. రోజూ మెట్లు దిగి, నీళ్లు తోడి తొట్టి నింపి, ఒక నమస్కారం పెట్టి మళ్లీ పైకి వెళ్లిపోయేవాడు. "అన్ని నెలలు ఈ చేతి అన్నం తిన్నాడే! ఒక్క ముద్ద తినమ్మా అనడానికి నోరు రాలేదా? వాళ్లకి మనసులుండవమ్మా" అని సీతారత్నం గారు వంటింట్లో గిన్నెలు విసిరి కొట్టేది. నేనూ ఆవిడ పక్షమే. వాళ్ల ఊళ్లో ఎవరైనా పోతే, వండిన గిన్నె గుమ్మంలో పెట్టి చప్పుడు చెయ్యకుండా వెళ్లిపోతారట. దుఃఖంలో ఉన్నవాళ్ల మీద పడి మాట్లాడించకూడదట. అదేం మర్యాదో, అదేం ప్రేమో!

ఒక మధ్యాహ్నం సీతారత్నం గారు సరుకులకని బజారుకి వెళ్లింది. భ్రమరాంబ గారు వంటింటి గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. ఎదురుగా ఆమె కోసం పొద్దున పెట్టిన కంచం, మూత కూడా తియ్యలేదు. ఎమెట్ వచ్చి గుమ్మం దగ్గర కింద కూర్చున్నాడు. మూత తియ్యని ఆ కంచం వంక ఒకసారి చూశాడు. తర్వాత అడిగాడు.

"భ్రమరాంబ గారూ, మీరు ఎందుకు తినడం లేదు?"

వినగానే నాకు మండుకొచ్చింది. అదేం ప్రశ్న? మొగుడు పోయిన మనిషికి అన్నం ఎలా సయిస్తుంది? ఈ వీధిలో ఎవరికి తెలియదు? తెలుసు కాబట్టే కదా ఎవరూ అడగలేదు! ఆవిడ కూడా తలెత్తి విచిత్రంగా చూసింది. ఎమెట్ మాత్రం నిజంగా తెలియనివాడు అడిగినట్టే అడిగి, జవాబు కోసం కూర్చున్నాడు.

"ఆకలి లేక కాదు బాబూ," అంది ఆవిడ మెల్లగా. "ఆకలేస్తది. కడుపు కాలిపోతా ఉంటది." ఎదురుగా ఉన్న కంచాన్ని చేత్తో పక్కకి జరిపింది. "పెళ్లయిన కాణ్ణించి ఆయన తినకుండా నేను ముద్ద ముట్టలేదు. ఆయన బందరెళ్లి పొద్దుబోయి వచ్చినా సరే, ఆయన తిన్నాక, ఆ కంచం తీసి, ఆ చోటు తుడిచి, అప్పుడు కూర్చునేదాన్ని. ఇప్పుడు వదిన కంచం పెట్టి తినమంటది. చెయ్యి పెట్టబోతే, ఆయన ఇంకా తినలేదే అనిపిస్తది. ఎవరి తర్వాత తినను బాబూ నేను?"

ఆ వంటింట్లో ఇన్నేళ్లు ఉండి, ఆ చెయ్యి ప్రతిరోజూ పట్టుకుని, ఈ సంగతి ఆవిడ నోట వినడం నాకూ అదే మొదటిసారి.

ఎమెట్ లేచి బియ్యం కడిగాడు. "అయ్యో, మీరెందుకు బాబూ" అంటే వినలేదు. అన్నం ఉడికాక గిన్నె తెచ్చి నట్టింట్లో నేల మీద పెట్టాడు. ఇటొక కంచం, అటొక కంచం. వెనకే వచ్చిన ఆవిడ అతిథికని వేసిన పీట పక్కకి జరిపి, తనూ నేల మీదే కూర్చున్నాడు. నన్ను తీసి గిన్నెలో నిలబెట్టాడు.

"మా ఇంట్లో ముందు తినేవాళ్లు లేరు, తర్వాత తినేవాళ్లు లేరు" అన్నాడు. "అందరం ఒకేసారి కూర్చుంటాం."

అని వడ్డిస్తాడేమో అనుకున్నాను. ఊహూ! చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. వడ్డించవయ్యా మగడా అని నేను లోపల లోపల మొత్తుకుంటున్నాను. భ్రమరాంబ గారు ఆయన ఖాళీ కంచం వంక చూసింది. ఎంత దుఃఖంలో ఉన్నా, ఎదురుగా ఖాళీ కంచం ఉంటే ఆవిడ తట్టుకోలేదు. చెయ్యి చాపి నన్ను అందుకుని ఆయనకి వడ్డించింది. పొద్దున సీతారత్నం గారు వండిన పప్పు వేసింది, నెయ్యి వేసింది. "తినండి బాబూ" అంది.

ఆయన ముట్టలేదు. "అందరి కంచాల్లోనూ పడేదాకా మా అమ్మ చెయ్యి పెట్టనిచ్చేది కాదు" అన్నాడు.

బలవంతం కాదది. తిను అనలేదు, ఒట్టు పెట్టలేదు. తన ఇంటి పద్ధతి చెప్పి ఊరుకున్నాడు. కానీ ఆవిడ తినకపోతే ఇంటికొచ్చిన మనిషి ఆకలితో ఉండాలి, అదీ ఆవిడ వండి వడ్డించే ఇంట్లో! భ్రమరాంబ గారు నన్ను చేతిలో పట్టుకుని, ఆయన ముట్టని కంచం వంకా తన ఖాళీ కంచం వంకా చూసింది. కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి. చివరికి నన్ను గిన్నెలో దింపి, పొగలు కక్కే అన్నం తీసి తన కంచంలో పెట్టుకుంది. ఇద్దరూ ఒకేసారి ముద్ద నోట్లో పెట్టుకున్నారు.

"అబ్బా!" అని ఆవిడ నోరు మూసుకుంది. నాలుక కాలింది. జీవితమంతా అందరి తర్వాత, చల్లారిన అన్నం తిన్న మనిషి. వేడన్నం ఎలా తినాలో ఆవిడకి అలవాటే లేదు.

"ఊదుకుని తినండి" అన్నాడు ఎమెట్.

ఆవిడ చిన్నపిల్లలా ముద్దని ఊదుకుంటూ తింది. ఏడుస్తూనే తింది. తిన్నది తిన్నట్టు లోపలికి పోతుంటే నాకు ఎంత సంతోషమైందో ఎలా చెప్పను!

అప్పుడే సీతారత్నం గారు సంచీతో లోపలికి వచ్చి, ఆ దృశ్యం చూసి గుమ్మంలోనే నిలబడిపోయింది. ఎమెట్ మీద పెట్టుకున్న కోపమంతా ఏమైపోయిందో!

"కంచం తెచ్చుకో వదినా" అంది భ్రమరాంబ గారు. "వేడిగా ఉంది."

"మీరు కానివ్వండి, నేను తర్వాత..." అంటూ సీతారత్నం గారు మాట మధ్యలో ఆగింది. తర్వాత అంటే ఎవరి తర్వాత అని తనకీ తోచలేదేమో. సంచీ కింద పెట్టి, కంచం కోసం అలమర వైపు నడిచింది.

భ్రమరాంబ గారు కలిపిన ముద్ద కంచంలోనే ఉంచి చెయ్యి ఆపింది. ఎమెట్ కూడా ఆపాడు. సీతారత్నం గారు కాళ్లూ చేతులూ కడుక్కుని, చెంగుతో మొహం తుడుచుకుని, వచ్చి కూర్చునేదాకా ఆ ఇద్దరూ అలాగే ఉన్నారు. ఒక ఆడమనిషి కోసం అన్నం ముందు కూర్చుని ఎవరైనా ఆగడం ఆ ఇంట్లో నేను అంతకుముందు చూడలేదు.